తరుగు

నలభై మూడు పోగులు తెగాయి.

వెంకటేశులు ఒక్కొక్క పోగు కొస పట్టుకుని పైకెత్తి బిగ్గరగా లెక్కపెట్టాడు. పక్క వీధికి కూడా వినపడి ఉంటుంది. మగ్గం మీద బిగించిన ఎర్రటి పట్టు పడుగు నడిమధ్యన పిల్లి ఇంకా అట్లాగే ఉంది. నాలుగు కాళ్లూ పోగుల సందుల్లోకి దిగబడ్డాయి. పొట్ట పట్టు మీద పరుచుకుంది. లేవడానికి ఒకసారి ప్రయత్నించి మానుకుంది.

"ఎత్తు దాన్ని! ఇంగొకసారి కొట్టుకునిందంటే ఇంగో నలభై పోతాయి."

హేమావతి మగ్గం గుంట అంచున మోకాళ్ల మీద కూర్చుని, గోళ్లకు చిక్కిన పోగులు ఒక్కొక్కటే విడిపించింది. తర్వాత రెండు చేతులూ పొట్ట కిందికి పోనిచ్చి పిల్లిని లేపింది. నడుములో కలుక్కుమంది. ఏడాది కిందట ఇదే పిల్లిని ఒంటిచేత్తో భుజానికెత్తుకునేది.

"ఎలుక చిక్కిందా?" అని తలుపు పక్క నుంచి భద్రమ్మ అడిగింది. వెంకటేశులు తల్లి. డెబ్భై దాటిన మనిషి. గోడకు ఆనుకుని కూర్చుని, మగ్గం కింద రాలిన పట్టు పోగుల ముక్కలను ఏరి, చేతి వెండి కడియానికి చుట్టుకుంటోంది. ఈమధ్య ఎప్పుడు చూసినా అదే పని.

"ఎలుక యాడ చిక్కుతాదిమా! అది అటక మింద నుంచి దూలం మిందికి ఉరికింది. ఇది దాని ఎనక దుమికింది. దూలం అందల్యా. చీర అందింది." వెంకటేశులు వేళ్లకు బూడిద అద్దుకుని మొదటి పోగు అతకడం మొదలుపెట్టాడు. రెండు కొసలు కలిపి, మెలి తిప్పి, లాగి చూసి, వదిలాడు. "దసరాకు దిగాల్సిన చీర. సోమప్పకు ఏం చెప్పల్ల? మా పిల్లికి ఒళ్లు చేసింది సామీ, ఓపిక పట్టండి అని చెప్పల్లా?"

సోమప్ప షావుకారు. పట్టు ఆయన తూచి ఇస్తాడు, వీళ్లు నేసిన చీర ఆయన తూచి తీసుకుంటాడు. మధ్యలో తగ్గిన దాన్ని తరుగు అంటారు. తరుగు ఒక హద్దు దాటిందంటే ధర్మవరంలో ఇంకెవరూ ఆ నేతగాడికి పట్టు ఇవ్వరు. అందుకే ఆ ఇంట్లో పిల్లి ఉండాలి. పడుగుకు పట్టించిన గంజి వాసనకు ఎలుకలు వస్తాయి. పిల్లి గడప దాటకూడదు కూడా. బయట కుక్కలు, పక్కిళ్లలో ఎలుకల మందు. వీళ్ల పిల్లి చుక్కి పుట్టి నాలుగేళ్లయినా వీధి మొహం చూడలేదు.

మధ్యాహ్నానికి పోగులన్నీ అతికాయి. వెంకటేశులు గుంటలోంచి లేచి, కోళ్ల గంప తెచ్చి, పిల్లి మీద బోర్లించి, పైన రాయి పెట్టాడు.

"నీళ్లు తప్ప ఏమీ పెట్టాకండి. ఎండగడితే అదే బక్కగవుతాది. దసరా లోపల నాకు ఎలుకను పట్టే పిల్లి కావాల. కాలేదంటే చిత్రావతి ఏటి ఇసకలో వదిలిపెట్టొస్తా."

"అది గడప దాటి ఎరగదురా," అంది భద్రమ్మ.

"అప్పుడు ఎరుగుతాది."

భద్రమ్మ గంప దగ్గరికి జరిగి కూర్చుంది. చుక్కి గంప సందులోంచి కాలు బయట పెడితే, ఆ కాలి మీద చెయ్యి వేసింది. ఆమె పడుకుంటే పక్కన పడుకునేది, ఆమె లేస్తే లేచేది చుక్కి ఒక్కటే. కొడుకు మగ్గంలో దిగితే పొద్దుగూకే దాకా పైకి రాడు. కోడలికి నీళ్ల ట్యాంకరు, పొయ్యి, జరీ పని. ముసలామెకు పిల్లి పోతే ఇంట్లో ఇంకేం మిగలదని హేమావతికి తెలుసు. కానీ మొగుడి మాట మీద మాట ఆడే పొద్దు కాదు అది.

మూడు రోజులు గంప లేవలేదు. ఆ మూడు రోజులూ వెనక వసారా దగ్గర కాకుల గోల. హేమావతి రెండుసార్లు అదిలించింది. మళ్లీ వచ్చాయి. మూడోనాడు పొద్దున గంప సందులోంచి చూస్తే పిల్లి అరవడం మానేసింది. గిన్నెలో నీళ్లు ముట్టలేదు. హేమావతి ఎవరినీ అడగలేదు. రాయి తీసి, పిల్లిని పాత చీరలో చుట్టి, చంకనేసుకుని పశువుల ఆసుపత్రికి నడిచింది.

ఆసుపత్రి ముందర నాలుగు జతల ఎద్దులు. మూడేళ్లుగా వానల్లేవు. ఎద్దుల డొక్కలు లోపలికి పీక్కుపోయి, చర్మం కట్టెల మీద ఆరేసిన గుడ్డలాగా ఉంది. తలపాగా చుట్టుకున్న రైతొకడు హేమావతి ఒళ్లోకి తొంగి చూశాడు.

"ఏమక్కా, ఏ గడ్డి కేంద్రంలో మేపినారు దీన్ని? మాకూ చెప్పు, ఎద్దుల్ని ఆడికే తోలకపోతాం."

నలుగురూ నవ్వారు. హేమావతికి తల ఎత్తాలనిపించలేదు. ఎండిన పశువుల మధ్య ఈ బలిసిన పిల్లిని పట్టుకుని కూర్చోవడం ఏదో దొంగసొమ్ము చంకలో పెట్టుకున్నట్టుగా ఉంది.

డాక్టరు శ్రీరంగప్ప పిల్లి చెవి వెనక్కి మడిచి వెలుతురుకు పెట్టాడు. చెవి లోపల లేత పసుపు. చిగుళ్లు చూశాడు. అక్కడా అంతే.

"ఎన్నాళ్లయింది తిని?"

"మూడు దినాలు సార్. బక్కగవుతాదని..."

"ఎవరిచ్చినారమ్మా ఈ సలహా? ఎద్దు పస్తుంటే బక్కవుతాది. బలిసిన పిల్లి పస్తుంటే చస్తాది." ఆయన కోప్పడలేదు. రోజుకు పదిసార్లు చెప్పే మాటలాగా చెప్పాడు. "తిండి ఒక్కసారిగా ఆపినామంటే ఒంట్లో కొవ్వంతా కార్జానికి పోయి కూర్చుంటాది. కార్జం పని మానేస్తాది. కామెర్లొస్తాయి. ఇంగో రెండు దినాలు ఆగింటే నువ్వు రావాల్సిన పనే ల్యాకుండె."

రెండు సూదులు వేశాడు. సిరంజి ఇచ్చి, గుడ్డు సొన, మాంసం ఉడికించిన నీళ్లు గంట గంటకూ నోట్లో కొంచెం కొంచెం పొయ్యమన్నాడు. అది తనంతట తాను తినే దాకా వదలొద్దన్నాడు.

"తిన్నాక?"

"అప్పుడు మొదలవుతాది అసలు పని. సంగటి, అన్నం, పాలు బంద్. ఉడికించిన కోడి మాంసం, అప్పుడప్పుడు గుడ్డు. తూచి పెట్టు. పొద్దున ఇంత, సాయంత్రం ఇంత. తిండి ఒకేచోట పెట్టాకు. మెట్టు మింద ఒక ముక్క, గూట్లో ఒక ముక్క, ఎక్కి దిగి తినాల. సోమవారం సోమవారం తూకమెయ్యి. వారానికి డెబ్భై, ఎనభై గ్రాములు తగ్గితే చాలు. అంతకంటే జోరుగా తగ్గినా నాకాడికి రావాల, పెరిగినా రావాల." ఆయన చేతులు కడుక్కుంటూ వెనక్కి తిరిగాడు. "ఇంగొక మాట. ఒకే చెయ్యి పెట్టాల. ఇంట్లో రెండో చెయ్యి పెట్టిందంటే నీ కష్టమంతా నీళ్లపాలు."

* * *

నాలుగో రోజుకు చుక్కి తనంతట తాను మాంసం ముక్క వాసన చూసి తింది. భద్రమ్మ కళ్లు తుడుచుకుంది. వెంకటేశులు మగ్గంలోంచి చూసి, "బతికిందా? సరే. దసరా దాకా," అన్నాడు.

సోమవారం పొద్దున మొదటి తూకం. దూలానికి కట్టిన తక్కెడలో ఒకవైపు పిల్లిని గోనెసంచిలో వేసి, రెండోవైపు అంగట్లోంచి తెచ్చిన ఐదు కిలోల రాయి, రెండు కిలోల రాయి పెట్టారు. ముల్లు ఇంకా పిల్లి వైపే ఉంది. వెంకటేశులు పట్టు తూచే చిన్న గుండ్లు ఒక్కొక్కటీ వేసుకుంటూ వచ్చాడు. ఈ పని అతనికి ఇష్టం. ముల్లు నిలబడే దాకా ఊపిరి బిగబట్టడం, నిలబడ్డాక కంటిని దానికి సమానంగా దించి చూడడం.

"ఏడు కిలోల రెండొందలు."

ఆరోజు నుంచి హేమావతి మాంసాన్ని అదే తక్కెడలో తూచింది. ముక్కలు చేసి, అటక నిచ్చెన మెట్ల మీద ఒక్కొక్కటి పెట్టింది. చుక్కి మొదటి మెట్టు దగ్గర కూర్చుని పైకి చూసి అరిచింది. రెండో రోజు ఎక్కింది. కట్టె పుల్లకు తెగుపోగుల కుచ్చు కట్టి నేల మీద ఈడ్చితే, నాలుగు అడుగులు పరిగెత్తి రొప్పుతూ పడుకుంది. మూడో రోజు ఎనిమిది అడుగులు.

"దీనితో మాదిరి నాతో ఎప్పుడైనా ఆడినావా?" అన్నాడు వెంకటేశులు గుంటలోంచి.

"నువ్వూ ఏడు కిలోలుంటే ఆడుతుంటి."

ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత వినపడిన నవ్వు అది. కండెలు చుట్టే బయమ్మ కూడా నవ్వింది. బయమ్మ పొద్దున్నే వచ్చి వాకిట్లో రాట్నం ముందు కూర్చుని, మగ్గానికి కావలసిన పట్టుపోగు కండెలకు చుట్టిపెట్టి సాయంత్రం పోతుంది. నలభై ఐదేళ్లుంటాయి. ఎండుచేపల వాసన వచ్చే అన్నం క్యారీ ఒకటి తెచ్చుకుని మధ్యాహ్నం అక్కడే తింటుంది. చుక్కి ఆమె పక్కన పోయి కూర్చోవడం మామూలే.

"హేమమ్మా," అంది బయమ్మ ఆరోజు రాట్నం తిప్పుతూ, గొంతు తగ్గించి. "పిల్లిని తూచినారు సరే. అత్తమ్మ చెయ్యి చూసినావా?"

"ఏం చెయ్యి?"

"ఏంల్యా. కడియం."

"ఆ పోగులేరుకుంటాండేదా? పొద్దుపోక." హేమావతి పొయ్యి మీద ఎసరు పొంగుతోందని లోపలికి పోయింది.

రెండో సోమవారం తూకంలో ముల్లు మళ్లీ పిల్లి వైపే ఒరిగింది. వెంకటేశులు ఇంకో యాభై గ్రాముల గుండు వేశాక నిలబడింది.

"పెరిగింది," అన్నాడు.

"పెరగదు. నేను తూచి పెడ్తాండా."

"తక్కెడ అబద్ధం చెప్పదు. నా దగ్గర యాభై గ్రాములు పెరిగిందంటే ఇంగొకరి దగ్గర యాభై తరుగు పడిండాల. తూకం గాల్లోంచి రాదు. నువ్వు తప్ప ఇంగొక చెయ్యి పెడ్తాండాది."

ఒకే చెయ్యి పెట్టాలన్న శ్రీరంగప్ప మాట హేమావతి చెవిలో మోగింది. దసరాకు ఇక ఇరవై రోజులు. ఆరోజు నుంచి ఆమె పిల్లిని కాపలా కాసింది. తలుపులు గొళ్లెం పెట్టింది. పొయ్యి గూట్లో గిన్నెలకు మూతల మీద రాళ్లు పెట్టింది. మంగళవారం మధ్యాహ్నం, మూతి నాకుతూ వచ్చిన చుక్కిని పట్టుకుని మీసాలు చూసింది. మీసానికి ఎండిన మెతుకొకటి. మెడ కింద పప్పు వాసన.

బయమ్మ వాకిట్లో చెయ్యి కడుక్కుంటోంది.

"బయమ్మక్కా, నీ క్యారీ ఒకసారి ఇయ్యి."

బయమ్మ ఇచ్చింది. ఎందుకో అర్థమయ్యే లోపలే హేమావతి మూత తీసింది. అడుగున గుడ్డలో చుట్టిన చారెడు అన్నం, ఒక చేప తల.

"ఇది ఎవరికి?"

బయమ్మ క్యారీ వైపు చూసింది, హేమావతి వైపు చూసింది. మగ్గం చప్పుడు ఆగింది. వెంకటేశులు వింటున్నాడు.

"నాకే. సాయంత్రం ఇంటికి పోయినాక తినేకి."

"పిల్లి మూతికి అన్నం అంటింది."

"పిల్లికి పెట్టేటంత అన్నం నా క్యారీలో ఉంటే, నీ వాకిట్లో కండెలెందుకు చుడ్తానమ్మా?"

ఆ మాటకు హేమావతికి కోపమొచ్చింది. "నీకు అది ముద్దనే మాకు తెలుసు. దాని పానం పోతాదని చెప్పినా గూడా ఇట్ల చేస్తే ఎట్లక్కా? రేపటి నుంచి కండెలు నేనే చుట్టుకుంటాలే."

బయమ్మ గుడ్డలోని అన్నాన్ని మళ్లీ ముడి వేసింది. రెండు ముళ్లు. క్యారీలో పెట్టి మూత తిప్పింది. చుట్టిన కండెలు గంపలో వరసగా సర్దింది. రాట్నానికి ఉన్న పోగు తెంపకుండా కొస కట్టి, లేచి, చెప్పులేసుకుంది. గడప దగ్గర ఆగి తలుపు పక్కనున్న భద్రమ్మను చూసింది.

"పోయొస్తానత్తమ్మా."

భద్రమ్మ నోరు తెరిచింది. దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి, చెయ్యి మాత్రం ఊపింది.

* * *

మూడో సోమవారం ముల్లు నిలబడడానికి ఇంకో వంద గ్రాములు పట్టింది.

వెంకటేశులు గుండ్లు తీసి పెట్టెలో సర్దాడు. "ఏడు మూడొందల యాభై. బయమ్మ పోయి వారమయింది," అన్నాడు. గుంటలోకి దిగి పేకపోగు నాడె విసిరాడు. హేమావతి తక్కెడ పళ్లెం మళ్లీ మళ్లీ తుడిచింది. వారం రోజులుగా ఆమె కండెలు చుట్టలేక, వంట చెయ్యలేక సగం చస్తోంది. వీధిలో ఆడవాళ్లు, "పిల్లి దొంగ దొరికిందా?" అని అడుగుతున్నారు. బయమ్మ హనుమంతరాయుడు వాళ్ల వాకిట్లో కూర్చుని చుడుతోందట.

బుధవారం మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. వీధంతా బిందెలతో పరిగెత్తింది. హేమావతి నాలుగు బిందెలు వరసలో పెట్టి, పైపు తన వంతుకు రావడానికి ఇంకా సమయం ఉందని చూసుకుంది. అప్పుడు ఇంటి వెనక సందు వైపు చూపు పోయింది. వెనక వసారా గోడ మీద కాకి ఒక్కటి కూడా లేదు.

పిల్లి గంప కింద ఉన్న మూడు రోజులు అన్ని కాకులెందుకు వచ్చాయి? పిల్లి బయటికొచ్చాక ఎందుకు రాలేదు?

బిందెలు అక్కడే వదిలి సందులోకి నడిచింది. అప్పుడు ఇంట్లో అందరి తిండీ అయిపోయి ఉంటుంది. అత్త ఒక్కతే మిగిలి ఉంటుంది. భద్రమ్మ ఎప్పుడూ అందరూ తిన్నాకే తింటుంది. ఇదివరకు మగ్గం పక్కన కూర్చుని, కొడుకుతో మాట్లాడుతూ తినేది. ఉగాది అయినాక ఒకరోజు దగ్గొచ్చి, నోట్లో ముద్దా, చారూ నేస్తున్న చీర మీద పడి మరకయింది. ఆరోజు నుంచి ఆమె కంచం వెనక వసారాలోకి మారింది. తలుపు దగ్గరికి వేసుకుని తింటుంది.

వసారా గోడ నడుము ఎత్తు. హేమావతి వంగి చూసింది.

భద్రమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. కంచంలో సంగటి, పప్పు. ఎదురుగా చుక్కి, బడికొచ్చిన పిల్లలాగా కాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది. భద్రమ్మ ఉసిరికాయంత ముద్ద చేసి పప్పులో అద్ది నోట్లో పెట్టుకుంది. సంగటి నమలరు, మింగుతారు. ఆమె కోడి నీళ్లు తాగినట్టు గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకుంది. మెడ నరాలు తాళ్లలాగా లేచాయి. చేత్తో గొంతు కింద రాసుకుంది. మళ్లీ మింగబోయింది. ముద్ద వెనక్కి వచ్చింది. దాన్ని అరచేతిలోకి తీసుకుని, చెయ్యి నేలకు దించింది. చుక్కి తిన్నది. రెండో ముద్ద ఆమె నోటి దాకా పోలేదు. మూడోది కూడా. కంచం ఖాళీ అయ్యాక వేళ్లతో అడుగంతా తుడిచి, ఆ వేళ్లు కూడా పిల్లికే ఇచ్చింది. తర్వాత కొంగులోంచి పోగుల ఉండ తీసి కడియానికి చుట్టుకోసాగింది.

హేమావతి గోడ దాటింది.

"అత్తా."

భద్రమ్మ చెయ్యి వెనక దాచుకుంది. "దానికి ఆకలయితాండాదిమ్మే. నువ్వు పెట్టేది సాలదు దానికి."

"నీకు?"

ముసలామె కంచం వైపు చూసింది.

"ముద్ద పోదుమ్మే. నీళ్లు పోతాయి, సారు పోతాది. ముద్ద ఈడ నిలబడతాది." గొంతు కింద గుంటలో వేలు పెట్టి చూపింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"చీర మింద పడిన పొద్దు నుంచే. ఆ పొద్దే మొదలు. నేను కావాలని దగ్గల్యా హేమా. నిలబడింది."

హేమావతి నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు చైత్రం. ఇప్పుడు ఆశ్వయుజం వస్తోంది. "ఒక్క మాట చెప్పింటే..."

"తలుపేసుకుని తినమంటిరి. సరే అంటి. తిన్నట్టు కనపడాల గదా. ఈ కరువులో సంగటి బయట పారేస్తే కాకులొచ్చి అరస్తాయి, మీకు వినపడతాది. పిల్లి అయితే అరవదు." ఆగి, పిల్లి తల నిమిరింది. "బయమ్మను అంటాంటే చెప్పబోతి. దగ్గొచ్చె. తర్వాత ధైర్యం రాలే. చెప్తే దీన్ని ఇసకలో ఇడిసిపెడ్తాడని."

హేమావతి అత్త చెయ్యి ముందుకు లాగింది. కడియానికి చుట్టిన పోగులు బొటనవేలంత మందం ఉన్నాయి. ఎరుపు, పచ్చ, నీలం, ఆరు నెలల చీరలన్నీ అక్కడే ఉన్నాయి. కొస వెతికి విప్పడం మొదలుపెట్టింది. విప్పుతూ ఉంటే కడియం వదులవుతూ వచ్చింది. పోగులు సగం కూడా అయిపోకముందే అది చేతి మీద నుంచి జారి, నేల మీద గిర్రున తిరిగి, కంచానికి తగిలి ఆగింది. చుక్కి దాన్ని వాసన చూసింది.

ముందు వీధిలో ఎవరో అరుస్తున్నారు. "హేమక్కా, నీ వంతు! బిందెలు తియ్యి!"

ఆటో పిలిచి అత్తను రెండు చేతులతో ఎత్తి కూర్చోబెట్టింది. పిల్లిని ఎత్తినప్పుడు నడుము పట్టింది. అత్తను ఎత్తినప్పుడు పట్టలేదు.

* * *

అనంతపురం పెద్దాసుపత్రిలో రెండు రోజులు పట్టింది. గొంతులోకి గొట్టం వేసి చూసిన డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ, "నాలుగైదు నెలల ముందు తెచ్చింటే..." అని, మాట పూర్తి చెయ్యకుండా కాగితం తిప్పింది. రెండోవైపు బెంగుళూరు ఆసుపత్రి పేరు రాసింది. వచ్చే గురువారం రమ్మన్నారు. అంతవరకు గంజి, పాలు, పల్చటి చారు.

ఇంటికి వచ్చాక వెంకటేశులు మగ్గంలోకి దిగాడు. చాలాసేపు నాడె చప్పుడు వినపడలేదు. హేమావతి పోయి చూస్తే, పడుగు మీద అతికిన నలభై మూడు పోగుల దగ్గర వేలు పెట్టి కూర్చుని ఉన్నాడు.

నాలుగో సోమవారం మామూలుగా తక్కెడ కట్టారు. ఎందుకు కట్టారో ఇద్దరికీ తెలియదు. దసరా గురించి, ఇసక గురించి అతను మళ్లీ మాట ఎత్తలేదు. భద్రమ్మ మంచం మగ్గం పక్కకే వచ్చింది. పడుకునే చూస్తోంది. పట్టు పోగులు ఇక చుట్టడం లేదు. కడియం తీసి గూట్లో పెట్టారు.

వెంకటేశులు గుండ్లు వేసి, ముల్లు నిలబడే దాకా ఆగి, కంటిని దించి చూశాడు.

"ఏడు రెండొందల డెబ్భై."

ఎనభై గ్రాములు. శ్రీరంగప్ప చెప్పినంత. గ్రాము ఎక్కువ కాదు, తక్కువ కాదు.

"తగ్గిందా?" మంచం మీద నుంచి భద్రమ్మ అడిగింది. గొంతులో సంతోషం. ఆ ఇంట్లో సంతోషపడింది ఆమె ఒక్కతే. "ఇంగ దూలం అందుతాదిలే దానికి."

వెంకటేశులు సంచి విప్పాడు. చుక్కి బయటికి దుమికి నేరుగా మంచం కిందికి పోయి, పైనుంచి చెయ్యి దిగుతుందేమోనని కాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది.

హేమావతి చెప్పులేసుకుని బయటికి వచ్చింది. రెండు వీధుల అవతల హనుమంతరాయుడు వాళ్ల వాకిలి. వేపచెట్టు నీడలో ముగ్గురు ఆడవాళ్లు రాట్నాల ముందు కూర్చుని ఉన్నారు. చివర బయమ్మ. ఆమె చూసింది. చూసి, పోగు మీదికి తల దించుకుంది. రాట్నం ఆగలేదు.

"అత్తమ్మ ఎట్లుంది?" అని అడిగింది, తల ఎత్తకుండానే.

"గురువారం బెంగుళూరికి తోలకపోతాండాం."

"ఊ."

మిగిలిన ఇద్దరిలో చిన్నది, రేఖ, ఆగలేకపోయింది. "దొంగ దొరికిందంట గదా హేమక్కా! మీ అత్తే అంట? ముసిలామె పెట్టిందానికి పాపం బయమ్మక్కను..."

"రేఖా, నీ పోగు చూసుకో," అంది బయమ్మ.

"కాదు," అంది హేమావతి.

గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు. లోపల నుంచి హనుమంతరాయుడు భార్య కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వీధిలో ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుంటున్నవాళ్లు ఇటు తిరిగారు. తిరగనీ అనుకుంది హేమావతి. బయమ్మ క్యారీ మూత తీసిన రోజు కూడా అందరూ విన్నారు.

"మా అత్త ముద్ద మింగలేక పిల్లికి పెట్టింది. అది దొంగతనం కాదు. ఆరు నెల్లు ఆమె ముద్ద మాలో ఒక్కరూ చూడల్యా. ఎందుకు చూడల్యా అంటే తలుపేసిండె. ఆ తలుపు దానంతట అది పడల్యా. ఆమె వేసుకోలా. మా ఇంటాయన గూడా కాదు, ఆయన ఆ పొద్దు మరక తుడుస్తాండె."

రాట్నం ఆగింది. బయమ్మ తల ఎత్తింది.

"మరి ఎవురమ్మా?"

హేమావతి ఆమె ఎదురుగా, వేపాకులు రాలిన నేల మీద కూర్చుంది. సగం చుట్టిన కండె వైపు కాదు, బయమ్మ మొహం వైపు చూసింది.

"'ఇంగ మింద తలుపేసుకుని తినత్తా, చూసేకి అసయ్యంగా ఉండాది' అనింది నేను. బయమ్మక్కా, నేనే."